నిమ్మళం ఎడమకాలు

నిమ్మళం అసలు పేరు ఊళ్లో ఎవరికీ తెలియదు. తెలుసుకునే సందర్భం కూడా రాలేదు. ఆయన బండి ఎక్కినవాళ్లు పేరడిగే స్థితిలో ఉండేవారు కాదు, బండి వెనక నడిచేవాళ్లకు ఆ పూట అంతకంటే పెద్ద పనులు ఉండేవి. మునిసిపాలిటీ కాగితాల్లో ఆ వాహనానికి గంభీరమైన పేరేదో ఉంది గానీ, జనానికి అది ఆఖరి బండి. ముప్పై ఏళ్లకు దగ్గరగా, ఊళ్లో ఎవరు పోయినా ఇంటి గుమ్మం నుంచి శ్మశానం దాకా నిమ్మళమే తీసుకెళ్లాడు. గొప్పవాడికి ముందు సీటు, లేనివాడికి వెనక సీటు అనే తేడా అందులో లేదు. అందరికీ పడక సీటే.

అది తేలిక ఉద్యోగమని చాలామంది అనుకునేవారు. హారన్ కొట్టక్కర్లేదు, ఎవరూ తొందరపెట్టరు, ఎక్కినవాడు ఏసీ లేదని గొడవకు దిగడు. కానీ నడిపినవాడికే తెలుస్తుంది ఆ బాధ. వేగంగా పోవడంలో ఏ విద్యా లేదు, తొక్కితే ఏ బండైనా పోతుంది. మనిషి నడకతో సమానంగా పోవడమే కష్టం, అందులోనూ ఏడ్చి ఏడ్చి కాళ్లలో సత్తువ పోయిన మనుషుల నడకతో. మొదటి గేరులో వదిలేసినా బండి వాళ్లను దాటిపోతుంది. బ్రేకు వేస్తే కుదుపు. అందుకని క్లచ్ సగం తొక్కి, సగం వదిలి, ఆ సగం దగ్గరే దారి పొడవునా ఎడమకాలితో పట్టుకుని ఉండాలి. సంత దగ్గర ఎత్తు, వంతెన దగ్గర పల్లం, మధ్యలో మునిసిపాలిటీ వారే తవ్వి మరిచిపోయిన గోతులు. అన్నిటినీ ఆ ఒక్క కాలే చూసుకునేది.

ఆ నేర్పు ఊరికే రాలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక హోటలు యజమాని పోయాడు. ఎత్తు ఎక్కేటప్పుడు నిమ్మళం కాలు జారి క్లచ్ ఒక్కసారిగా వదిలేశాడు. బండి ఎగిరి దూకింది. లోపల పెట్టె జరిగి వెనక తలుపుకు దబ్బున కొట్టుకుంది. అంతే, హోటలాయన భార్య నడిరోడ్డు మీద కేక పెట్టింది. "చూశారా! తలుపు కొడుతున్నారు! ఆయన ఊరికే పోయే మనిషి కాదని నేను చెబుతూనే ఉన్నాను!" ఎవరెంత చెప్పినా వినలేదు. చివరికి బండి ఆపి, పెట్టె తెరిచి చూపించాల్సి వచ్చింది. ఆయన నిక్షేపంగా పోయే ఉన్నాడు. హోటలు చేతికొచ్చిందని అప్పటికే ధీమాగా ఉన్న పెద్దకొడుకు మొహంలోకి అప్పటిగ్గాని రక్తం రాలేదు.

నిమ్మళం ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేదు. ఇక జన్మలో తన బండి కుదపకూడదని ఒట్టు పెట్టుకున్నాడు, మళ్లీ కుదపలేదు. ఆ పేరు అలా వచ్చింది. ఆ ఒట్టుకు మూల్యం చెల్లించింది మాత్రం మునిసిపాలిటీ షెడ్డులో మెకానిక్. వాణ్ణి అందరూ గ్రీసు అంటారు. సగం క్లచ్ మీద నడిస్తే ప్లేట్లు కాలి అరిగిపోతాయి కదా, వాటిని మారుస్తూ, ఒక్కో ప్లేటుకీ ఒక్కో రకం తిట్టు తిడుతూ గ్రీసు నిమ్మళానికి ప్రాణస్నేహితుడయ్యాడు.

ఇంట్లో పరిస్థితి ఇంకో తమాషా. నిమ్మళం భార్య కాన్పుల ఆసుపత్రిలో నర్సు. ఊరికి ఆవిడ నర్సమ్మ. ఊళ్లోకి వచ్చేవాళ్లను ఆవిడ దింపేది, పోయేవాళ్లను ఈయన ఎక్కించేవాడు. రాత్రి కంచాల ముందు కూర్చుని లెక్క చూసుకునేవారు.

"ఇవాళ ఎంతమంది?"

"నలుగురండీ. మీకు?"

"ఇద్దరే."

"అయితే ఇద్దరు లాభం. ఇంకాస్త వడ్డించనా?"

ఆవిడ నడక పరుగు, మాట పరుగు, తిండి పరుగు. నొప్పులు పడే మనిషి ముందు నిలబడి నిదానంగా ఆలోచించేవాళ్లు ఆ ఉద్యోగానికి పనికిరారు. గొంతు విప్పితే మూడు వార్డులు సర్దుకు కూర్చునేవి. అలాంటి మనిషి పెళ్లయినప్పటి నుంచి మొగుడు నడిపే బండి ఏదీ ఎక్కలేదు. బస్సులో వెళ్లేది, ఆటోలో వెళ్లేది, ఏదీ దొరక్కపోతే నడిచిపోయేది. ఎవరో తమ కారు ఇస్తామన్నా, మొగుడు స్టీరింగ్ ముందు కూర్చుంటున్నాడంటే చాలు, ఏదో పని గుర్తొచ్చేది. గట్టిగా అడిగితే నవ్వేసేది.

"మీ బండి నేనెక్కేది ఒక్కసారే. ఆ రోజు మీరు పిలిచినా పలకను."

ఈ మాటకు అందరూ నవ్వేవారు. నిమ్మళం కూడా నవ్వేవాడు. కానీ ఆ నవ్వు గొంతు దాటి లోపలికి దిగేది కాదు. భార్యను పక్కన కూర్చోబెట్టుకుని ఎక్కడికైనా తీసుకెళ్లాలని ఏ డ్రైవరుకుండదు? ఊరందరినీ మోసిన మనిషికి ఇంట్లో మనిషిని మోసే యోగం లేకపోయింది.

పదవీ విరమణ రోజున దండ వేశారు, మైకులో పొగిడారు. చైర్మన్ మాట్లాడుతూ, ఈయన సేవలు మనలో ప్రతి ఒక్కరూ వినియోగించుకోవాలని ఆశించాను గానీ ఆలస్యమైపోయిందన్నాడు. ఏం చదువుతున్నాడో వాడికే తెలియదు. ఆ తర్వాత కొద్దిరోజులకు ఎడమ మోకాలు వాచింది. డాక్టరు ఫోటో తీయించి, కుడి మోకాలు, ఎడమ మోకాలు పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు.

"ఈ రెండూ మీవేనా?" అన్నాడు.

"నావేనండీ."

"కుడిదానికి ఏ లోటూ లేదు. ఎడమది పూర్తిగా అరిగిపోయింది. ఏం పని చేసేవారు? బండి నడిపేవారా? సరే, ఇక క్లచ్ జోలికి పోకండి."

సరిగ్గా ఆ వారంలోనే నిమ్మళం ఇంట్లో చల్లగా ప్రకటించాడు, కారు కొంటానని. మామూలు కారు కాదు. రెండే తలుపులు, నేలకు ఆనినంత ఎత్తు, ఇంజను మోగితే కిటికీ అద్దాలు అదిరే రకం. పాత కార్ల షోరూంలో చూసి వచ్చానన్నాడు. ఇరుగుపొరుగు ముక్కున వేలేసుకున్నారు. ఈ వయసులో ఈయనకిదేం పోయేకాలమని వెనక అనుకున్నారు, మంచి రంగు చూసుకోండని ఎదురుగా అన్నారు.

నర్సమ్మ మాత్రం చేతిలో పని ఆపింది. అది అరుదు.

"ఎవరికోసమండీ అంత వేగం?"

"మనకే. సముద్రం పక్కన కొత్త రోడ్డు వేశారు చూడు, దాని మీద నిన్ను తీసుకెళ్దామని. ఇది ఆ బండి కాదు కదా. ఇదీ ఎక్కవా?"

ఎప్పటిలా నవ్వి తప్పించుకుంటుందనుకున్నాడు. నవ్వలేదు. తుడుచుకున్న చేతులే మళ్లీ తుడుచుకుంటూ, ఇన్నేళ్లూ అనని మాట అంది.

"మన పెళ్లికి ముందు, మా అమ్మ పోయినప్పుడు నేను మీ బండి వెనక నడిచాను. దారి పొడవునా మీ మెడ వెనక భాగం చూస్తూ నడిచాను. ఎక్కడా తల తిప్పలేదు మీరు. బండి ఎంత మెల్లగా పోయిందంటే, ఇంకా తెమలదేమిటని ఒక పక్క ఏడుపు, తెమిలిపోతుందేమోనని ఇంకో పక్క ఏడుపు. మీరు మెల్లగా నడపడం చూస్తే నాకు ఆ రోజే గుర్తొస్తుందండీ. భయమేస్తుంది. జోకులన్నీ అందుకే. బండి వేగంగా పోతుందంటే చెప్పండి, ఎక్కుతాను. మెల్లగా పోయేదైతే నేను ఎక్కను."

 ఇంతకాలం అది వేళాకోళమనుకున్నందుకు నిమ్మళానికి సిగ్గేసింది. తన నేర్పు చూసే ఆవిడ దూరం జరిగిందని ఇప్పుడు తెలిసింది. వేగంగా నడపడం ఎంతసేపు, అనుకున్నాడు. పాపం, తన కాలి సంగతి తనకే తెలియదు.

షోరూంలో ఆ కార్లు రెండున్నాయి. కంపెనీ ఒకటే, ఇంజను ఒకటే. పసుపుపచ్చదానికి మాన్యువల్ గేర్లు, బూడిదరంగుదానికి ఆటోమేటిక్. సలహా కోసం నిమ్మళం గ్రీసును వెంటబెట్టుకెళ్లాడు. ఇద్దరు డ్రైవర్ల మధ్య గేర్ల సంగతి ఎత్తడమంటే పచ్చని సంసారంలో చిచ్చు పెట్టడమే, పాపం షోరూం అమ్మాయికి అది తెలియదు.

"సార్, ఆటోమేటిక్ తీసుకోండి. ఇప్పుడు రేసు కార్లన్నీ ఇవే. మీరు రెప్ప వేసేలోగా గేరు పడిపోతుంది. చేత్తో ఎంత వేగంగా మార్చినా దీనికి అందుకోలేరు. మార్చుకోవాలని సరదా పుడితే స్టీరింగ్ వెనక రెండు మీటలున్నాయి, వేలితో నొక్కితే చాలు."

గ్రీసుకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"వేలితోనా? ఇదేమన్నా కాలింగ్ బెల్లా? చూడమ్మా, గేరు మనం వేస్తేనే అది నడపడం. లేకపోతే కూర్చోవడం. లిఫ్టులో నిలబడి నేను మేడెక్కాను అని చెప్పుకునేవాణ్ణి ఏమంటాం?"

"బుద్ధిమంతుడంటాం సార్."

గ్రీసు ఆ అమ్మాయిని వదిలి నిమ్మళం మీద పడ్డాడు.

"ఒరేయ్, నీ కాలు కళాకారుడి కాలురా. నీలాగా క్లచ్ పట్టినవాణ్ణి నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఎన్ని ప్లేట్లు కాల్చావో నాకు తెలుసు, కానీ ఒక్కసారి కుదిపావా? అలాంటి కాలిని తీసుకుపోయి పెడలే లేని బండిలో కూర్చోబెడతావా? అది దానికి అవమానం కాదూ?"

ఈ మాట నిమ్మళానికి సూటిగా తగిలింది. ఆయన ఉద్యోగంలో మెచ్చుకునేవాళ్లు లేరు. ప్రయాణం హాయిగా సాగిందని తిరిగొచ్చి చెప్పినవాడు ఒక్కడూ లేడు. ఆ ఎడమకాలు ఒక్కటే తన పనితనానికి సాక్ష్యం. ఆటోమేటిక్ కొనడమంటే, ఇక నీతో పని లేదని ఆ కాలికి తానే చెప్పడం. మోకాలి డాక్టరు చెప్పినది గుర్తుంది. అయినా పసుపుపచ్చ కారు తాళం అందుకున్నాడు. గ్రీసు పక్కన ఎక్కాడు.

లోపల కూర్చోవడానికే పెద్ద అవస్థ అయింది. ఆ సీట్లోకి దిగడం బావిలోకి దిగినట్టే ఉంది. తాళం తిప్పగానే ఇంజను గర్జించింది. నిమ్మళం ఒళ్లు పులకరించింది. క్లచ్ తొక్కాడు, మొదటి గేరు వేశాడు, వెన్నలా కదిలాడు. రోడ్డెక్కాడు. యాక్సిలరేటర్ తొక్కాడు. ఇంజను ఇంకా గట్టిగా అరిచింది. ఆహా, పోతున్నాం అనుకున్నాడు.

"ఒరేయ్," అన్నాడు గ్రీసు కాసేపటికి. "ఆ పక్కన ముసలాయన నడిచిపోతున్నాడు చూశావా?"

"చూశా."

"మనల్ని దాటిపోయాడు."

నిజమే. కుడికాలు తొక్కుతోంది, ఎడమకాలు సగం దగ్గర పట్టుకుంది. వదలమని మనసు చెబుతోంది, కాలు వినడం లేదు. దానికి తెలిసిన చోట అది నిలబడిపోయింది. ఇంజను ఎంత అరిచినా బండి మాత్రం మనిషి నడకతోనే పోతోంది.

అక్కడితో ఆగినా పోయేది. కానీ ఆ ఊళ్లో నిమ్మళం మొహం తెలియనివాళ్లు లేరు. ఆ మొహం స్టీరింగ్ వెనక, ఆ వేగంతో కనిపించేసరికి దుకాణాల వాళ్లు లేచి నిలబడ్డారు. ఒకాయన టోపీ తీసి గుండెలకు ఆనించుకున్నాడు. వెనక వచ్చే కార్లు హారన్ కొట్టడం మాని, దీపాలు వేసుకుని వరస కట్టాయి. ఇద్దరు ఆడవాళ్లు ఎవరో ఏమో తెలియకుండానే కళ్లొత్తుకుని వెంట నడవడం మొదలుపెట్టారు. సంత దగ్గరికి వచ్చేసరికి పసుపుపచ్చ రేసు కారు వెనక చిన్న ఊరేగింపే తయారైంది. మందుల దుకాణం ఆయన కిటికీ దగ్గరకొచ్చి, వంగి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఎవరండీ పోయింది?"

"నేనే," అన్నాడు గ్రీసు. "దహనం కూడా ఇక్కడే అయ్యేట్టుంది. వాసన రావడం లేదూ?"

వాసన వస్తోంది. క్లచ్ ప్లేటు కాలిన కమురు కంపు. ముందు నుంచి సన్నగా పొగ లేచింది. షెడ్డులో ఇన్నేళ్లు పీల్చిన కంపే అయినా, గ్రీసు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. బండిని తోసుకుంటూ షోరూంకు తీసుకొచ్చారు. తోయడానికి మనుషులకు కొదవ లేదు, వెనక నడిచినవాళ్లంతా ఉన్నారు. నిమ్మళం సీట్లోంచి లేవబోతే మోకాలు పట్టేసింది. నలుగురు కలిసి ఎత్తి బయటపెట్టారు. ఎప్పుడూ ఒకరిని ఎత్తించిన మనిషి, తననే ఎత్తుతుంటే తలెత్తుకోలేకపోయాడు.

రెండు రోజులాగి బూడిదరంగు కారు వంతు వచ్చింది. ఈసారి షోరూం అమ్మాయే పక్కన కూర్చుంది. గ్రీసు తన ప్రాణం తనకు తీపన్నాడు.

"సార్, ఏమీ చేయక్కర్లేదు. కుడికాలితో తొక్కండి, అదే పోతుంది."

తొక్కాడు. పోయింది. నిమ్మళం నిర్ఘాంతపోయాడు. సందు దాటి పెద్ద రోడ్డెక్కింది, ఇంజను గొంతు మారింది, గేరు మారబోతోందని ఆయన చెవికి అందింది. చెవికి అందిందంటే కాలికి అందినట్టే. ఎడమకాలు దాని డ్యూటీ అది చేసింది. లేని క్లచ్‌ను శక్తి కొద్దీ తొక్కింది. ఆటోమేటిక్ బండిలో ఆ చోట ఉండేది బ్రేకు, అదీ వెడల్పాటిది. బండి నిలువునా ఆగిపోయింది. అమ్మాయి ఫోను ఎగిరి ముందు అద్దానికి కొట్టుకుంది. అమ్మాయిని బెల్టు కాపాడింది.

 ఒట్టు పెట్టుకున్నాక నిమ్మళానికి ఇదే మొదటి కుదుపు. గబుక్కున వెనక్కి తిరిగి, ఖాళీ సీటు వైపు చూసి, రెండు చేతులూ జోడించాడు.

"క్షమించాలి. పొరపాటైపోయింది."

అమ్మాయి కూడా వెనక్కి తిరిగి చూసింది. అక్కడ ఎవరూ లేరు. ఆ పిల్ల మొహం పాలిపోయింది. బండి దిగీ దిగగానే, సార్, కావాలంటే మీరు రేపు కూడా రండి, నాకు సెలవు అంది.

మర్నాడు షోరూంలో ఇంకొకరి దగ్గర తాళం తీసుకుని మళ్లీ ప్రయత్నించాడు. ఎడమకాలిని సీటు కిందికి ముడుచుకుని కూర్చున్నాడు. నాలుగు రోడ్ల కూడలి రాగానే అది తనంతట తానే బయటికొచ్చి తొక్కింది. సంగతి విని గ్రీసు తాడు తెస్తానన్నాడు. సీటు కడ్డీకి కట్టేద్దామన్నాడు. నిమ్మళానికి కోపం వచ్చింది.

"పశువునా కట్టేయడానికి? మాన్యువల్ తీసుకుంటే తగలెడతాను. ఆటోమేటిక్ తీసుకుంటే తలలు పగలగొడతాను. ఇక నాకు ఏ బండీ వద్దు."

ఇంటికొచ్చి స్టూలు మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. ఒక రోజు కాదు, వారం. పళ్లెం ముందుకొస్తే తినేవాడు, మాట ముందుకొస్తే ఊఁ అనేవాడు. ఆయనకు కారు పోయిందని దిగులు లేదు. ఆవిడ ఒక్క షరతు పెట్టింది, అదీ ఇన్నేళ్లకు. అది తన వల్ల కాలేదు. మెల్లగా నడపడం తప్ప తనకేమీ రాదని ఆవిడకు రుజువైపోయింది. అదీ దిగులు.

ఇప్పుడు ఆ బూడిదరంగు కారు నిమ్మళం ఇంటి ముందే ఉంటుంది. ఊరు దాని గురించి రకరకాలుగా చెబుతుంది. మోకాలి కోసం కొన్నాడంటారు, పెళ్లాం ఊరుకోనివ్వలేదంటారు. నర్సమ్మ పక్కన కూర్చుంటే తప్ప ఆ బండి కదలదన్నది మాత్రం నిజం. ఇద్దరు పట్టుకుంటే గాని నడవనిది ఆటోమేటిక్ ఎలా అవుతుందిరా అని గ్రీసు ఇప్పటికీ పోట్లాడుతుంటాడు. అది అలా ఎందుకైందో వాడికీ సరిగ్గా తెలియదు, ఎందుకంటే ఆ సాయంత్రం వాడు లేడు.

ఆ సాయంత్రం నర్సమ్మ డ్యూటీ దిగి, బట్టలు కూడా మార్చుకోకుండా వచ్చింది. చెప్పులు విడవలేదు.

"లేవండి. షోరూంకు పోదాం."

"వద్దులే. నావల్ల కాదు. పోతే తగలబడుతుంది, లేకపోతే ఆగిపోతుంది. అమ్మాయి సెలవు పెట్టింది కూడా."

"నేను ఫోను చేశాను, వచ్చి తాళం ఇస్తానంది. కారులో మాత్రం ఎక్కనంది. లేవండి."

"నువ్వు ఎక్కనన్నావు కదా. వేగంగా పోతేనే అన్నావు. నేను వేగంగా పోలేనని ఊరంతా చూసింది."

"అన్నాను. నేనే అన్నాను, నేనే ఎక్కుతున్నాను. మీకేమన్నా అభ్యంతరమా?"

బూడిదరంగు కారు తలుపు తీసి, ఆవిడ తానే ముందు కూర్చుంది. బెల్టు కొక్కెం మూడోసారికి గానీ పడకపోవడం నిమ్మళం చూశాడు. చూడనట్టే ఉన్నాడు. ఊరు దాటి సముద్రం పక్క రోడ్డు మొదట్లోకి ఎలా తీసుకెళ్లాడో ఆయనకే తెలియదు. రెండుసార్లు కాలు బ్రేకు మీద పడింది, రెండుసార్లూ వెనక్కి తిరిగి దణ్ణం పెట్టబోయి ఆగాడు. అక్కడ బండి ఆపాడు. ఎదురుగా రోడ్డు ఖాళీగా, తిన్నగా ఉంది. పక్కన నీళ్లు.

"ఆ కాలు ఇలా ఇవ్వండి," అందావిడ.

"కాలు ఇవ్వడమేమిటి?"

 నర్సమ్మ కుడిచేయి చాపి ఆయన ఎడమ మోకాలి పైన అరచెయ్యి ఆనించి, బరువంతా వేసి నేలకు అదిమింది. నొప్పులతో లేచి పరిగెత్తబోయే ఆడవాళ్లను ఆ చేత్తోనే ఆపిన మనిషి. నిమ్మళం మోకాలు ఎంతలోకి? కాలు ఉన్నచోట ఉండిపోయింది.

"నొప్పిగా ఉందే."

"ఉంటుంది. ఊపిరి బిగబట్టకండి, వదలండి. ఆఁ. ఇప్పుడు తొక్కండి."

"తొక్కుతున్నా."

"ఇదా తొక్కడం? బుజ్జగిస్తున్నారు. సిగ్గుపడకండి, ఇక్కడ ఎవరూ లేరు. తొక్కండి! ఆపకండి, ఆపకండి, ఇంకొంచెం, ఇంకొంచెం, తొక్కండీ!"

మూడు వార్డులు విన్న గొంతు అది. ఆ గొంతు వింటే బిడ్డలే బయటికొచ్చేవారు, నిమ్మళం కుడికాలెంత? పెడలు నేలకు తగిలింది. బండి ఒక్కసారిగా ముందుకు దూకింది. వీపు సీటుకు అతుక్కుపోయింది. నర్సమ్మ కెవ్వున అరిచింది, అయినా చెయ్యి తీయలేదు. ఇంజను గొంతు పెంచి, ఒక్క క్షణం తగ్గి, మళ్లీ పెంచింది. రెండో గేరు. మూడో గేరు. రోడ్డు పక్కన నీళ్లు ఒక్క గీతలా సాగిపోయాయి. నిమ్మళం జీవితంలో అంత వేగం ఎరగడు. నోరు తెరుచుకుని ఉండిపోయింది, నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తనకే తెలియలేదు.

గేరు మారిన ప్రతిసారీ ఆవిడ అరచేతి కింద ఆయన తొడ కండరం బిగుసుకుని పైకి లేచేది. లేవబోయి, బరువు తగిలి, వణికి ఆగిపోయేది. అది నర్సమ్మ చేతికి తెలుస్తూనే ఉంది. ఇన్నేళ్లూ ఆవిడ చూసింది ఆయన మెడ వెనక భాగాన్ని. కింద ఒక కాలు ఇంత పని చేస్తుందని ఎప్పుడూ అనుకోలేదు.

"మా అమ్మను తీసుకెళ్లిన రోజు కూడా ఇలాగే పట్టుకున్నారా?" గాలి హోరులో గట్టిగా అడిగింది.

"ఆ రోజు ఇంకా గట్టిగా పట్టుకున్నా. సంత దగ్గర నీ చెప్పు తెగింది కదా. ఒట్టి కాలితో నడుస్తున్నావు. రోడ్డంతా కంకర. బండి మామూలుగా పోతే నువ్వు పరుగెత్తాల్సొచ్చేది."

 తెగిన చెప్పు సంగతి నర్సమ్మే మరిచిపోయింది.

"నా వైపు తల తిప్పనేలేదు కదండీ మీరు. ఎలా చూశారు?"

"అద్దంలో. దారంతా అద్దంలో నిన్నే చూస్తున్నా."

చెబుతూనే, అలవాటు కొద్దీ ఆయన కళ్లు పైనున్న అద్దం వైపు తిరిగాయి. నర్సమ్మ ఖాళీగా ఉన్న ఎడమచేత్తో ఆయన గడ్డం పట్టుకుని మొహాన్ని రోడ్డు వైపుకు తిప్పింది. కుడిచేయి మోకాలి మీద నుంచి మాత్రం తీయలేదు.

"ఇంకా అందులో ఎవరికోసం వెతుకుతున్నారు? నేను పక్కనే ఉన్నాను. తొక్కండి."